గోడకు పగులు, పెరట్లో గుంత: టాంపాలో ఈ ఇల్లు కొనాలా, వద్దా?

ప్రశ్న: ఫ్లోరిడాలో టాంపాకు ఉత్తరాన వెస్లీ చాపెల్‌లో ఒక ఇల్లు కొనడానికి ఒప్పందం రాసుకున్నాం. 1998లో కట్టిన ఇల్లు. గరాజ్ మూల దగ్గర గోడ మీద మెట్లు మెట్లుగా ఒక పగులు ఉంది. పెరట్లో ఒకచోట నేల జానెడు లోతు కుంగింది. అక్కడ ఒకప్పుడు పెద్ద ఓక్ చెట్టు ఉండేదని పక్కింటివాళ్లు చెప్పారు. ఇవన్నీ ఇక్కడ ప్రతి ఇంట్లో ఉండేవేనని ఏజెంట్ అంటున్నాడు. మాది కడప దగ్గర చింతకొమ్మదిన్నె మండలం. 2015లో అక్కడ పడ్డ గుంతల్ని అమ్మ కళ్లారా చూసింది, ఈ ఇల్లు వద్దే వద్దంటోంది. ఇల్లు పరీక్షించుకుని, వద్దనుకుంటే ఒప్పందం వదులుకోవడానికి ఇచ్చే ఇన్‌స్పెక్షన్ గడువు ఇంకా 9 రోజులే ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: మీ అమ్మగారి భయాన్ని చాదస్తం అని కొట్టిపారేయకండి. మీ ఊరికీ టాంపాకూ మధ్య సముద్రాలున్నా నేల కింద రాయి ఒక్క జాతిదే, సున్నపురాయి. ఆమె చూసింది, మీరు ఇప్పుడు భయపడుతున్నది, రెండూ ఒకే రకం సంగతులు: నేల కింద ఖాళీ ఏర్పడి పైనున్న మట్టి అందులోకి కుంగడం, దీన్నే ఇక్కడ సింక్‌హోల్ అంటారు. అయితే అమ్మ వద్దన్నదని మానుకోవడం, ఏజెంట్ పర్లేదన్నాడని కొనేయడం, రెండూ తప్పేనమ్మా. ఇద్దరిలో ఎవరూ నేల లోపలికి చూడలేదు కదా. 9 రోజుల్లో చూడగలిగినంత చూడండి, చాలకపోతే గడువు పెంచమని రాతపూర్వకంగా అడగండి, వాళ్లు ఒప్పుకోకపోతే గడువు దాటకముందే బయటికి వచ్చేయండి. ఇంత డబ్బు పెట్టేటప్పుడు ఏజెంట్‌కు మొహమాటపడాల్సిన పని లేదు.

అసలు ఈ గుంత ఎలా పడుతుందో అర్థమైతే ఏ పరీక్ష ఎందుకో కూడా అర్థమవుతుంది. మీ ఊళ్లో వంటింటి గట్టు మీద కడప బండ ఉండే ఉంటుంది. నిమ్మకాయ పిండినప్పుడు రసం పడి అలాగే ఉండిపోతే ఆ చోట నునుపు పోయి తెల్లగా మచ్చ పడుతుంది, ఎంత తోమినా పోదు. మచ్చ పడిందని మనం అనుకుంటాం, నిజానికి అక్కడ రాయి కరిగింది. కడప బండ సున్నపురాయే, పులుపు తగిలితే కరుగుతుంది. వాన నీటికి కూడా కొద్దిగా పులుపుంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని కిందికి వస్తుంది, మట్టిలో కుళ్లే ఆకులూ వేళ్ల దగ్గర ఇంకా ఎక్కువ కలుపుకుంటుంది. ఆ నీరు రాతి నెర్రెల్లోకి దిగి వేల ఏళ్లూ లక్షల ఏళ్లూ కరిగిస్తూ పోతే లోపల సందులు, సొరంగాలు, గదులు ఏర్పడతాయి. బేలం గుహలు చూసే ఉంటారు. చదునైన పొలాల మధ్య బావుల్లాంటి గుంతల్లోంచే లోపలికి దిగాలి, దిగితే కింద 3,229 మీటర్ల పొడవున గుహలు. నీళ్లు తొలిచిన గుహ పైకప్పు కూలితే నేల మీద కనిపించేది అలాంటి గుంతే.

ఇంకో గుర్తు కూడా చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. మన వైపు ఎక్కడ ‘బుగ్గ’ అనే పేరు వినబడితే అక్కడ ఊట ఉంటుంది. కడపలో బుగ్గవంక, తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడు. సున్నపురాయి నేలల్లో నీళ్లు బావిలో ఊరినట్టు కాకుండా రాతిలోని దారుల వెంట పారి ఒకచోట బుగ్గగా పైకి ఉబుకుతాయి. ఫ్లోరిడాలో అలాంటి బుగ్గలు వెయ్యికి పైనే ఉన్నాయి. మీరుండే చోటికి గంట ప్రయాణంలో ఉన్న వీకీ వాచీ కూడా అదే. పిల్లల్ని తీసుకెళ్లి ఆ తేట నీళ్లు చూపిస్తారు కదా, అంత నీరు అంత జోరుగా పైకి వస్తోందంటే కింద ఎంత పెద్ద దారి ఉండాలో ఆలోచించండి.

ఇల్లు కూలేది మాత్రం రాయి కరిగినందుకు కాదు. రాయి కరగడం చాలా నెమ్మది, ఇల్లు నిలబడే కాలంలో అది లెక్కలోకే రాదు. ప్రమాదం రాయి మీదున్న మట్టి కిందికి జారిపోవడం వల్ల వస్తుంది. టాంపా చుట్టుపక్కల సున్నపురాయి మీద ఇసుక, బంకమన్ను పొరలున్నాయి. నిండు గాదెకు అడుగున చిల్లి పడితే ఏమవుతుంది? కాసేపు పైన ఏమీ తెలియదు, తర్వాత మధ్యలో చిన్న పల్లం కనిపిస్తుంది, అది నెమ్మదిగా పెద్దదవుతుంది. పైనంతా ఇసుకే ఉంటే నేల ఇలాగే కొద్దికొద్దిగా కుంగుతుంది, గోడకు పగుళ్లు వస్తాయి, మనకు తెలుసుకునే సమయం దొరుకుతుంది. పైన బంకమన్ను మందంగా ఉంటే కథ వేరు. పుట్ట లోపల గుల్లగా ఉన్నా పైకి గట్టిగా ఉన్నట్టు, బంకమన్ను కమానులా నిలబడి ఉంటుంది, కింద మట్టి జారి జారి ఖాళీ పెరుగుతుంది, చివరికి ఆ కప్పు ఇక మోయలేక ఒక్కసారిగా పడిపోతుంది. 1981 మే నెలలో ఓర్లాండో పక్కన వింటర్ పార్క్‌లో 300 అడుగులకు పైగా వెడల్పున గుంత పడి ఇల్లు, కార్లు, ఊరి ఈతకొలనులో కొంత భాగం అందులోకి వెళ్లిపోయాయి. 2013 ఫిబ్రవరిలో టాంపాకు తూర్పున సెఫ్‌నర్‌లో రాత్రి నిద్రపోతున్న మనిషి పడకగదితో పాటు లోపలికి పోయాడు. ఆ గుంత 2015లో, మళ్లీ 2023లో తిరిగి తెరుచుకుంది. ఇది మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు. ఇలా ఉన్నట్టుండి కూలేవి చాలా తక్కువ, మనుషులు పోవడం మరీ అరుదు. మీ ఇంటి విషయంలో తేల్చుకోవాల్సింది నెమ్మదిగా కుంగే రకం గురించే.

కప్పు కూలడానికి ఒక నెపం కావాలి. అది దాదాపు ఎప్పుడూ నీరే. నేలలో నీరు నిండుగా ఉన్నప్పుడు ఆ నీరే పైనున్న మట్టిని కొంత మోస్తుంది. కరువొచ్చి, బోర్లతో తోడేసి నీటిమట్టం పడిపోతే ఆ ఊతం పోతుంది. ఆ తర్వాత పెద్ద వాన పడితే పైమట్టి తడిసి బరువెక్కుతుంది, నీరు దిగుతూ ఇసుకను లోపలికి లాక్కుపోతుంది. మీ మండలంలో జరిగింది ఇదే వరస: ఏళ్ల తరబడి కరువు, లోతైన బోర్లు, 2015 నవంబరులో కుండపోత. ఫ్లోరిడాలో 2010 జనవరిలో ప్లాంట్ సిటీ దగ్గర 11 రోజులు గడ్డకట్టే చలి పడితే స్ట్రాబెర్రీ రైతులు పంటను కాపాడుకోవడానికి రాత్రంతా బోరు నీళ్లు చల్లారు, నీటిమట్టం 60 అడుగుల దాకా పడిపోయింది, ఆ చుట్టుపక్కల 140కి పైగా గుంతలు పడ్డాయి. రైతుల తప్పు అనను, వాళ్లకు పంట పోతే బతుకే లేదు. నేల కింద నీరు అందరిదీ ఒకటేనని మాత్రం అప్పుడు అందరికీ అర్థమైంది.

అన్నట్టు, రోడ్డు కుంగిన వీడియో ఏది వచ్చినా మనవాళ్లు సింక్‌హోల్ అని వాట్సాప్‌లో పంపుతుంటారు. 2022 డిసెంబరులో హైదరాబాద్ గోషామహల్‌లో కుంగినది నాలా మీద వేసిన కప్పు. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు, అది ఇలా కరగదు. అక్కడ ఇల్లు కొనేవాళ్లు భయపడాల్సినవి వేరే ఉన్నాయి, చెరువు నిండితే మునిగే శిఖం భూముల్లాంటివి.

ఇప్పుడు మీ ఇంటి పగులు. మెట్లు మెట్లుగా పోయే పగులు సిమెంట్ ఇటుక గోడల్లో, ఇటుకల అతుకుల వెంట వస్తుంది. గోడలో ఒక భాగం కిందికి దిగింది, మరో భాగం దిగలేదు అని మాత్రమే అది చెబుతుంది. ఎందుకు దిగిందో చెప్పదు. నల్లరేగడి నేలలో కట్టిన ఇళ్లకు ఎండాకాలం ఎలా పగుళ్లొస్తాయో మీకు తెలుసు, అక్కడ కింద ఏ గుహా లేదు. ఫ్లోరిడాలో కూడా తడికి ఉబ్బి ఎండకు కుంచించుకునే బంకమన్ను ఉంది. పునాది కింద పోసిన మట్టిని సరిగా దిమ్మిస చేయకపోయినా, పైపు కారినా, కట్టేటప్పుడు కొట్టేసిన చెట్ల మొద్దుల్ని అక్కడే పూడ్చేసినా ఇదే పగులు వస్తుంది. నేను పనిచేసిన ఇళ్లలో ఒకదాని యజమాని సింక్‌హోల్ అని నిద్ర లేకుండా మూడు నెలలు గడిపాడు. తవ్వి చూస్తే పునాది పక్కన కుళ్లిన దుంగలు బయటపడ్డాయి. మీ పెరటి గుంత ఉన్నది కూడా ఒకప్పుడు ఓక్ చెట్టున్న చోట అంటున్నారు, వేళ్లు కుళ్లిపోయి కుంగి ఉండడానికి చాలా అవకాశం ఉంది. కానీ అవకాశం ఉందని నేనిక్కడ కూర్చుని చెప్పడం వేరు, తవ్వి చూడడం వేరు.

ఈ రోజే డబ్బు ఖర్చు లేకుండా చేయగలిగిన పనులున్నాయి. వెస్లీ చాపెల్ ఉన్న పాస్కో కౌంటీలో, స్థలం రికార్డులు ఉంచే క్లర్క్ ఆఫ్ కోర్ట్ వెబ్‌సైట్‌లో ఆ ఇంటి పాత యజమానులందరి పేర్లతో రికార్డులు వెతకండి. ఫ్లోరిడా చట్టం ప్రకారం బీమా కంపెనీ సింక్‌హోల్ క్లెయిమ్‌కు డబ్బు కట్టితే పరిశోధన నివేదికను ఆ క్లర్క్ దగ్గర దాఖలు చేయాలి, అది స్థలం రికార్డుల్లో చేరుతుంది. క్లెయిమ్ చేసి డబ్బు తీసుకున్న యజమానే అమ్ముతుంటే, ఆ సంగతినీ, వచ్చిన డబ్బంతా మరమ్మతుకే ఖర్చు పెట్టాడా లేదా అన్నదీ కొనేవాళ్లకు రిజిస్ట్రేషన్‌కు ముందే చెప్పి తీరాలి. అందుకని క్లెయిమ్ ఏమైనా చేశారా అన్న ప్రశ్న యజమానిని నోటితో కాకుండా ఈమెయిల్లో అడగండి. గత 7 ఏళ్ల బీమా క్లెయిములు చూపించే క్లూ రిపోర్టును యజమాని తన పేరు మీద తెప్పించి ఇవ్వగలడు, అదీ అడగండి. ఫ్లోరిడా జియలాజికల్ సర్వే వాళ్ల కుంగుబాట్ల మ్యాప్ ఆన్‌లైన్లో ఉంది. దాన్ని చూడండి కానీ పూర్తిగా నమ్మకండి, అందులో జనం చెప్పింది చెప్పినట్టు ఎక్కించినవి చాలా ఉన్నాయి, చాలావాటిని ఎవరూ వెళ్లి పరీక్షించలేదు. మీ వీధిలో చుక్క లేనంత మాత్రాన ఏమీ లేదని కాదు, ఉన్నంత మాత్రాన ఇల్లు పోతుందనీ కాదు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఫొటోలు ఒక్కొక్కటే వెనక్కి జరుపుతూ చూడండి, ఓక్ చెట్టు ఎప్పటిదాకా ఉంది, గుంత ఎప్పుడు మొదలైంది అనేది కొంతవరకు దొరుకుతుంది. వీలైతే పెద్ద వాన పడిన రోజు వెళ్లి ఆ పల్లంలో నీరు నిలుస్తోందా, లేక గిరగిరా లోపలికి పోతోందా చూడండి. లోపలికి పోతుంటే ఇక ఆలోచించకుండా నిపుణుణ్ని పిలవండి.

నిపుణుడంటే మామూలు హోమ్ ఇన్‌స్పెక్టర్ కాదు. అతను పైకప్పు, ఏసీ, వైరింగ్ చూస్తాడు, నేల లోపల చూడడం అతని పని కాదు. లైసెన్సున్న జియాలజిస్టు కానీ జియోటెక్నికల్ ఇంజనీరు కానీ రావాలి. మరమ్మతులు కూడా తనే చేసే కంపెనీ ఉచితంగా చూస్తామంటే వద్దనండి. పరీక్షించేవాడికి ఫలితం ఎలా వచ్చినా ఒకటే అయి ఉండాలి.

ఆయన వచ్చి ముందు ఇల్లంతా తిరిగి ప్రతి పగులు గీసుకుంటాడు, ఇంటి లోపల నేల మట్టం గదిగదికీ కొలుస్తాడు. నేల మొత్తం ఒక మూలకే వాలిందా, మధ్యలో గిన్నెలా ఉందా అనేది ఆ కొలతల్లో తెలుస్తుంది. తర్వాత గడ్డి కోసే బండిలాంటి రాడార్ బండిని ఇంటి చుట్టూ, ఇంటి లోపలా తోస్తాడు. అది నేలలోకి రేడియో తరంగాలు పంపి తిరిగొచ్చినవాటితో పొరల బొమ్మ గీస్తుంది. మట్టి పొర ఒకచోట గరాటులా కిందికి వంగి ఉంటే అనుమానించాలి. ఇసుకలో ఇది బాగా పనిచేస్తుంది, బంకమన్ను తగిలితే తరంగాలు అక్కడితో ఆగిపోతాయి, అందుకే కొందరు ఇనుప కడ్డీలు వరసగా పాతి కరెంటు పంపి మట్టి నిరోధాన్ని కూడా కొలుస్తారు. ఈ రెండూ ఎక్కడ తవ్వాలో చెబుతాయి, అంతే. రాడార్ బొమ్మ చూపించి సింక్‌హోల్ ఉందనో లేదనో తేల్చేసేవాళ్లను నమ్మకండి.

అసలు సంగతి బోరింగ్‌లో, అంటే సన్నని బోరు వేసి లోపలి మట్టిని పరీక్షించడంలో తేలుతుంది. 63.5 కిలోల సుత్తిని 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి కడ్డీ మీద మళ్లీ మళ్లీ వదిలి, ఒక్కో అడుగు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. గట్టి మట్టిలో దెబ్బలు ఎక్కువ పడతాయి. లోతుకు పోయేకొద్దీ లెక్క పెరగాలి. పెరగాల్సిన చోట తగ్గుతూ, సున్నపురాయి దగ్గరికి వచ్చేసరికి దెబ్బ కొట్టకుండానే కడ్డీలు తమ బరువుకు తామే దిగిపోతుంటే అక్కడ మట్టి వదులై కిందికి జారుతోందని అనుమానం. తవ్వేటప్పుడు గొట్టంలో పోసే బురదనీరు పైకి రాకుండా ఎక్కడికో పోతే లోపల ఖాళీ ఉన్నట్టు. అయితే ఈ ప్రాంతంలో సున్నపురాయి పైభాగం సహజంగానే మెత్తగా, బొరియలతో ఉంటుంది కాబట్టి ఒక్క బోరులో ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకూడదు. పైనున్న పగులు, రాడార్లో కనిపించిన వంపు, బోరులోని వదులు మట్టి, మూడూ ఒకే చోట కలిస్తే అప్పుడు మాట బలంగా నిలుస్తుంది. నివేదిక చదివేటప్పుడు మీరు వెతకాల్సింది ఆ కలయికే. నష్టానికి కారణం ఏమిటో సూటిగా రాయని నివేదికను ఒప్పుకోకండి. పగులు కింద పునాది పక్కన ఒక గుంత తవ్వించి చూడమని, పెరట్లో ఓక్ చెట్టు చోట చేతి బర్మాతో దించి చూడమని కూడా అడగండి, కుళ్లిన కర్ర బయటపడితే మీ టెన్షన్ సగం అక్కడే తీరుతుంది.

సమయం లెక్క చూసుకోండి. తవ్వే ముందు 811కు ఫోన్ చేసి నేలలోని పైపులు, తీగలు గుర్తు పెట్టించాలి, దానికే రెండు పూర్తి పనిదినాలు. బోరింగ్, నివేదిక కలిపి 9 రోజుల్లో అవడం కష్టం. అందుకే జియాలజిస్టును, రాడార్‌ను ఈ వారంలోనే పిలిపించి, వాళ్లు బోరింగ్ కావాలంటే గడువు పెంచమని అడగండి. బోరు వేయడానికి యజమాని రాతపూర్వక అనుమతి కావాలి, వేసిన బొరియను సిమెంటుతో పూడ్చాలి. కొందరు యజమానులు ఒప్పుకోరు. చెడు ఫలితం వస్తే ఇక అది తెలియదని తర్వాతి కొనుగోలుదారుకు చెప్పలేరు, తెలిసిన పెద్ద లోపాన్ని దాచకూడదని ఫ్లోరిడా సుప్రీం కోర్టు 1985లోనే చెప్పింది. రాడార్ అనుమానం చూపించాక కూడా బోరుకు ఒప్పుకోని ఇంటిని నేనైతే వదిలేస్తాను, వంటిల్లు ఎంత బాగున్నా సరే.

బీమా గురించి చాలామంది మనవాళ్లు పొరబడుతున్నారు. ఫ్లోరిడాలో ఇంటి బీమాలో తప్పనిసరిగా ఉండేది ‘ఘోరమైన కుంగుబాటు’ రక్షణ మాత్రమే. దానికి నాలుగు షరతులూ కలిసి ఉండాలి: నేల ఉన్నట్టుండి కూలాలి, గుంత కంటికి స్పష్టంగా కనిపించాలి, పునాదితో సహా ఇంటి నిర్మాణం దెబ్బతినాలి, ప్రభుత్వం ఆ ఇల్లు పనికిరాదని ఖాళీ చేయించాలి. ఇల్లు నెమ్మదిగా కుంగి గోడలు పగిలి, మీరు అందులోనే ఉంటే దీని కింద పైసా రాదు. దానికి వేరే సింక్‌హోల్ కవరేజీ ఉంది, కంపెనీ దాన్ని అదనపు ప్రీమియానికి ఇవ్వజూపాలి, కానీ ముందు ఇల్లు పరీక్షించి కాదనే హక్కూ దానికి ఉంది. మినహాయింపు మొత్తం సాధారణంగా ఇంటి బీమా విలువలో 10 శాతం దాకా ఉంటుంది. అంటే 4 లక్షల డాలర్లకు బీమా చేసిన ఇంటికి మొదటి 40 వేల డాలర్ల దాకా మీరే పెట్టుకోవాలి. కొన్నాక కాదు, ఇప్పుడే, గడువులోపలే ఈ చిరునామాకు సింక్‌హోల్ కవరేజీ ఇస్తారా అని రెండు మూడు కంపెనీలను అడగండి. అందరూ వద్దంటే అది కూడా ఒక జవాబే.

ఒకవేళ పాత రికార్డుల్లో మరమ్మతు జరిగినట్టు దొరికితే వెంటనే పారిపోకండి. నేలలోకి చిక్కటి సిమెంటు గుజ్జు ఒత్తిడితో ఎక్కించి సందులు మూసి, అవసరమైతే పునాది కింద ఇనుప స్తంభాలు దింపి నిలబెట్టిన ఇళ్లు ఉన్నాయి. ఎన్ని చోట్ల ఎంత గుజ్జు ఎక్కించారు, పని ముగిశాక ఇంజనీరు సంతకం చేసిన పత్రం ఉందా, ఆ తర్వాత కొత్త పగుళ్లు వచ్చాయా, ఈ మూడూ చూడండి. బీమా డబ్బు తీసుకుని, మరమ్మతు చేయకుండా పగుళ్ల మీద రంగు పూసి అమ్మే ఇంటికి మాత్రం దూరంగా ఉండండి. అలాంటి ఇల్లు ధర తక్కువకు వస్తుంది, తర్వాత బ్యాంకు అప్పు దొరకదు, బీమా దొరకదు, అమ్మబోతే కొనేవాళ్లు దొరకరు.

అమ్మగారితో ఈ రాత్రి మాట్లాడేటప్పుడు నమ్మమని కాకుండా ఏం పరీక్షలు చేయిస్తున్నారో చెప్పండి. ఊళ్లో గుంత పడే ముందు ఆమె ఏం గమనించారో కూడా అడగండి, బావిలో నీళ్లు బురదగా మారాయా, నేలలో చప్పుడు వినిపించిందా, గుండ్రంగా నెర్రెలు వచ్చాయా అని. అవే గుర్తులు మీ పెరట్లో ఉన్నాయేమో రేపు పగటి వెలుతురులో ఒకసారి చుట్టూ తిరిగి చూడండి, గరాజ్ పగులుకు రెండు చివర్లా పెన్సిలుతో గీత గీసి తేదీ రాసి ఫొటో తీసుకోండి. గీత దాటి పగులు పెరిగితే ఆ ఫొటోలు జియాలజిస్టుకు పంపండి. నివేదిక వచ్చాక అర్థం కాని ముక్క ఏదైనా ఉంటే నాకు మళ్లీ రాయండి, కూర్చుని చదువుతాను.